కాటుక, కుంకుమల కథ: పేరు పాతదే, సరుకు వేరు

పెళ్లిలోనైనా, నోములోనైనా, పురిటింట్లోనైనా పసుపు, కుంకుమ, కాటుక, పారాణి లేకుండా తెలుగువారికి శుభకార్యం జరుగదు. దేశం విడిచి వచ్చినా ఇవి మనతోనే వచ్చాయి. మొదట్లో పెట్టెలో ఆవకాయ పక్కన కుంకుమ పొట్లం పెట్టుకుని వచ్చాము. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇండియన్ కొట్టులో పప్పులూ బియ్యమూ కొనుక్కుని డబ్బులిచ్చే చోటికి వస్తే అక్కడే కాటుక డబ్బీలు, కుంకుమ, తిలకం సీసాలు, స్టిక్కరు బొట్లు, గోరింటాకు కోన్లు కనిపిస్తాయి.

వైద్యవృత్తిలో ఉన్న నన్ను మన సంఘంలోని సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇవన్నీ అనాదిగా వాడుతున్నవే గదా, వీటివల్ల హాని ఏముంటుంది?” అని. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. చరిత్రలోకి వెళ్లి చూడాలి. చూస్తే తేలేదేమిటంటే, మన అమ్మమ్మలు వాడిన వస్తువుకూ, నేడు అదే పేరుతో డబ్బీలో దొరికే వస్తువుకూ చాలాసార్లు పేరు ఒక్కటే ఉమ్మడి. పేరు నిలిచింది, లోపలి సరుకు మారిపోయింది.

ఇంట్లో చేసుకున్న సరుకు

పూర్వం కాటుక ఇంట్లోనే పట్టేవారు. ఆముదం పోసి దీపం వెలిగించి, దాని పైన గంధం పూసిన రాగి పళ్లెమో ఇత్తడి పళ్లెమో బోర్లించి, పట్టిన మసిని గీకి నేతితోనో ఆముదంతోనో నూరి భరిణెలో పెట్టుకునేవారు. అంటే అది ముఖ్యంగా బొగ్గు మసి. కుంకుమకు మూలం పసుపు. పసుపుకొమ్ములను నిమ్మరసంలో, వెలిగారం, పటిక కలిపి ఊరబెట్టి, ఎండబెట్టి దంచితే ఎర్రని కుంకుమ వచ్చేది. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం సున్నం తగిలినా ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి రహస్యం అదే. లత్తుక లక్క పురుగు నుంచి వచ్చేది. గోరింటాకు ఆకు నూరుకున్నదే. అందులోని లాసోన్ అనే రంగు చర్మం పైపొరకు పట్టి ఎర్రగా పండుతుంది.

అయితే పాతవన్నీ అమాయకమైనవి అనుకోరాదు. సిందూరం అనే మాటకు రసశాస్త్రంలో అర్థం సీసాన్ని కాల్చి చేసిన ఎర్రని భస్మం. ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. ఉత్తరాదిన, పశ్చిమాసియాలో వాడే సుర్మా దీపపు మసి కాదు, రాయి నూరిన పొడి. ఆ రాయి చాలా మట్టుకు గెలీనా, అంటే సీసపు ఖనిజం. కాటుకా సుర్మా రెండూ నల్లనివే, రెండూ కంటికి పెట్టేవే. చూపుకు ఒకటిగా ఉన్నా ఒకటి మసి, ఇంకొకటి సీసం. బజారులోకి వచ్చేసరికి ఈ రెండింటికీ మధ్య గీత చెరిగిపోయింది. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

నైలు నదీతీరం నుంచి లండన్ దాకా

సీసాన్ని ముఖానికి పూసుకోవడం మానవజాతికి కొత్త కాదు. ఈజిప్టు సమాధుల్లో దొరికిన కాటుక భరిణెలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో మిగిలిన పొడులను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించారు. గెలీనాతోబాటు, ప్రకృతిలో అరుదుగా దొరికే సీసపు లవణాలు కూడా అందులో ఉన్నాయి. వాటిని సుమారు 4000 ఏళ్లనాడే ఈజిప్టువారు చేతితో తయారు చేశారని తేలింది. 2010లో ఇంకొక ఫలితం వెలువడింది. ఈ లవణాలు అతి స్వల్పంగా చర్మకణాలకు తగిలితే, వ్యాధిని ఎదిరించే నైట్రిక్ ఆక్సైడు ఉత్పత్తి పెరిగిందని. దీన్ని పట్టుకుని “చూశారా, సీసపు కాటుక మంచిదే” అనేవారున్నారు. ప్రయోగశాలలో కణాల మీద చూసింది ఒక సంగతి, ఏళ్లతరబడి శరీరంలో పేరుకునే సీసం మరొక సంగతి. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు.

సీసం పలకలను పులిసిన ద్రాక్షరసపు ఆవిరికి ఉంచి తెల్లని పొడి చేయడం గ్రీకులకు తెలుసు. ఆ తెలుపే తర్వాత వెనిస్ పేరుతో యూరపు రాజాస్థానాలన్నిటా చెల్లింది. లండన్‌లో అందగత్తెగా పేరుమోసిన కవెంట్రీ ప్రభువుగారి భార్య మరియా గన్నింగ్ 1760లో చిన్న వయసులోనే మరణించింది. ముఖానికి పూసిన సీసపు తెలుపే ఆమెను చంపిందని ఆనాటివారే చెప్పుకున్నారు. తెలిసీ మానలేదు. ఆ పొడి చక్కగా అతుక్కునేది, చర్మం మీది మచ్చలను బాగా కప్పేది. కొంతకాలానికి చర్మాన్ని పాడుచేసేది. పాడైన చర్మాన్ని కప్పడానికి మరింత మందంగా పూసుకునేవారు.

జపాను తల్లుల పౌడరు

నా దృష్టిలో ఈ చరిత్రలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం జపానులో జరిగింది. అక్కడ నటులు, గీషాలు, మామూలు గృహిణులు కూడా ముఖానికీ మెడకూ గుండెల పైభాగానికీ తెల్లని పొడి పూసుకునేవారు. అందులో సీసముండేది. 1887లో చక్రవర్తి ఎదుట నాటకం ఆడుతూ నకమురా ఫుకుసుకె అనే ప్రసిద్ధ కబుకీ నటుడు కాళ్లు వణికి నిలబడలేకపోయాడు. అది సీసపు విషమని తేలి దేశమంతా గగ్గోలు పుట్టింది. సీసం లేని పొడి తయారుచేయడం మొదలైంది. అయినా పాతది అమ్ముడుపోతూనే ఉంది.

అదే కాలంలో జపాను పిల్లల వైద్యులను ఒక వ్యాధి వేధించింది. పాలు తాగే పసిపిల్లలకు వాంతులు, మూర్ఛలు వచ్చేవి. మెదడు పొరల వాపులాంటి లక్షణాలు కనిపించేవి. చాలామంది చనిపోయేవారు, బతికినవారిలో కొందరికి మెదడు ఎదిగేది కాదు. కారణం చిక్కలేదు. క్యోటో విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యశాస్త్ర ఆచార్యుడైన హిరాయ్ ఇకుతారో 1923లో ఆ చిక్కుముడి విప్పాడు. అది సూక్ష్మజీవుల వ్యాధి కాదు, తల్లులు పూసుకునే పౌడరులోని సీసం. పాలకోసం రొమ్మున తల ఆనించిన బిడ్డ ఆ పొడిని నాకుతోంది, పీలుస్తోంది. 1930లలో జపాను ప్రభుత్వం సీసపు పౌడరును నిషేధించింది.

పూసుకున్నది తల్లి, దెబ్బ తిన్నది బిడ్డ. వైద్యంలో దీనికి కారణం సులువుగానే చెప్పవచ్చు. సీసం చర్మం గుండా పెద్దగా లోపలికి పోదు. నోటి ద్వారా పోతుంది. కంటికి పెట్టినది కన్నీటి నాళం గుండా ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. వేలికి అంటినది నోట్లోకి పోతుంది. కడుపులోకి చేరిన సీసంలో పెద్దవారి ఒంటికి పట్టేది ఇంచుమించు పదోవంతు. పసిపిల్లలకైతే సగం దాకా పడుతుంది. ఎదిగే మెదడు దానికి మొదటి గురి.

అమెరికా చట్టం పుట్టిన తీరు

ఇక మనం ఉంటున్న ఈ దేశం సంగతి. 1933లో ఇక్కడ ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు అమ్మేవారు. దానిలో పారాఫెనిలిన్ డయమిన్ అనే తారు రంగు ఉండేది. అది పెట్టించుకున్న స్త్రీలకు కళ్లు వాచి పుండ్లుపడ్డాయి. పలువురికి చూపు పోయింది. ఒకరు మరణించారు. అయినా ప్రభుత్వం దాన్ని బజారు నుంచి తీయించలేకపోయింది. ఎందుకంటే 1906 నాటి చట్టం ఆహారానికీ మందులకే గాని అలంకరణ వస్తువులకు వర్తించదు. ఆహార ఔషధ సంస్థ అధికారులు ఇలాంటి వస్తువులనూ, వాటివల్ల దెబ్బతిన్నవారి ఫోటోలనూ కలిపి ఒక ప్రదర్శన పెట్టారు. పత్రికలవారు దానికి ‘భయానక మందిరం’ అని పేరు పెట్టారు. చివరికి 1938 జూన్ 25న అధ్యక్షుడు రూజ్వెల్ట్ కొత్త చట్టం మీద సంతకం చేశాడు. అలంకరణ వస్తువులు మొదటిసారి చట్టం కిందికి వచ్చాయి.

ఆ చట్టంలోనూ ఒక సందు మిగిలింది. తారు నుంచి తీసిన జుట్టు రంగులకు, హెచ్చరిక ముద్రిస్తే చాలునని మినహాయింపు ఇచ్చారు. అదే పారాఫెనిలిన్ డయమిన్ నేటికీ జుట్టురంగుల్లో ఉన్నది. నిమిషాల్లో నల్లగా పండే ‘బ్లాక్ హెన్నా’లో కూడా తరచు అదే ఉంటుంది. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు, ఎరుపు గోధుమల మధ్య పండుతుంది. నల్లగా పండిందంటే ఆకు కాదు, రంగు. ఒకసారి దానికి ఒళ్లు పడకపోవడం మొదలైతే అది జీవితాంతం ఉంటుంది. తర్వాత ఎప్పుడో జుట్టుకు రంగు వేసుకున్నా ముఖం వాచిపోతుంది. ఈ దేశంలో గోరింటాకుకు జుట్టురంగుగానే అనుమతి ఉన్నది, చర్మం మీద పెట్టుకునే కోన్లకు లేదు.

1938 తర్వాత పెద్ద మార్పు రావడానికి 84 ఏళ్లు పట్టింది. 2022 డిసెంబరు 29న వచ్చిన చట్టంతో తయారీదారులు పేర్లు నమోదు చేసుకోవాలి, తీవ్రమైన హాని జరిగితే ప్రభుత్వానికి తెలపాలి, ప్రమాదకరమైన సరుకును వెనక్కి తెప్పించే అధికారం ఆహార ఔషధ సంస్థకు వచ్చింది. అయినా రంగులకు తప్ప, మిగతా వస్తువులకు అమ్మే ముందు అనుమతి తీసుకోవలసిన పని ఇప్పటికీ లేదు.

మన డబ్బీల్లో ఏమున్నది?

1986లో సింగపూరులో వైద్యులు కుంకుమ పెట్టుకునే స్త్రీల నుదుట నల్లమచ్చలు ఎందుకు పడుతున్నాయో పరిశీలించారు. కారణం పసుపు కాదు, కుంకుమలో కలిపిన కృత్రిమ రంగులు. స్టిక్కరు బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ పడడం కూడా 1980ల నుంచి భారతీయ చర్మవైద్యులకు బాగా పరిచయమే. జిగురులోని ఒక రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. చాలామంది ఆ మచ్చను బొల్లి అనుకుని దిగులుపడతారు, దాన్ని దాచడానికి ఇంకా పెద్ద బొట్టు పెడతారు. సీసపు తెలుపును మరింత మందంగా పూసుకున్న ఆనాటి దొరసానులు చేసిందీ అదే. మచ్చ కనబడగానే స్టిక్కరు మానివేయాలి. తొందరగా మానితే రంగు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

పాపిట సిందూరం సంగతి మరింత గంభీరమైనది. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంవారు 118 సిందూరపు నమూనాలు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 95 న్యూజెర్సీ కొట్లలో కొన్నవి, 23 ఇండియాలో కొన్నవి. న్యూజెర్సీ నమూనాల్లో 83 శాతంలో, ఇండియా నమూనాల్లో 78 శాతంలో గ్రాముకు ఒక మైక్రోగ్రాము లేదా అంతకుమించి సీసం ఉన్నది. మూడు నమూనాల్లోనైతే గ్రాముకు 10,000 మైక్రోగ్రాములు దాటింది. రంగులలో ఇక్కడి ప్రభుత్వం ఓర్చుకునే హద్దు 20. చట్టం లేక కాదు. సీసం కలిపిన అలంకరణ వస్తువులు భారతదేశంలోనూ నిషిద్ధమే. అమలు వేరు, చట్టం వేరు.

కాటుక విషయంలో మనవంటి కథే ఒకటి బోస్టన్‌లో 2011లో జరిగింది. నైజీరియా నుంచి వచ్చిన దంపతులు తమ ఆరునెలల బిడ్డ కళ్లకు ‘టిరో’ అనే కాటుక పెట్టేవారు. చూపు బాగుంటుందని వారి పెద్దల నమ్మకం. పరీక్షిస్తే ఆ పొడిలో 82.6 శాతం సీసం ఉన్నది. బిడ్డ రక్తంలో డెసీలీటరుకు 13 మైక్రోగ్రాములు చేరింది. పైకి ఏ లక్షణమూ లేదు. ఈ విషయం ప్రత్యేకంగా గమనించండి. సీసం జ్వరంలాగా చెప్పి రాదు. చదువులో వెనుకబడడం, నిలకడలేకపోవడం ఏళ్ల తర్వాత కనిపిస్తాయి. ఈ దేశంలో పిల్లల రక్తంలో జాగ్రత్తపడవలసిన హద్దు 1991లో 10, 2012లో 5, 2021లో 3.5 మైక్రోగ్రాములకు తగ్గుతూ వచ్చింది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని నేటి వైద్యశాస్త్రం తీర్పు.

ఇంట్లో పట్టిన కాటుకలో సీసముండదు గదా అంటారు. నిజమే, మసిలో సీసం ఉండదు. కాని మసిలో వేరే కాలుడు పదార్థాలుంటాయి. ఈ దేశంలో శుద్ధిచేసిన ఒక రకం బొగ్గునలుపును 2004లో గాని కంటి అలంకరణకు అనుమతించలేదు. పైగా వేలితో పెట్టే కాటుకవల్ల పసికందు కంట్లో సూక్ష్మజీవులు చేరవచ్చు. దిష్టికోసమైతే అరికాలిన చిన్న చుక్క పెట్టండి, దిష్టి దానికీ తగులకుండా పోతుంది. కంట్లో వద్దు. ఇంట్లో చేసే కుంకుమకైనా పసుపు మంచిదై ఉండాలి. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి సీసపు క్రోమేటు కలుపుతున్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో బయటపెట్టారు.

తెలుపు చేసే క్రీములు

సీసం తర్వాత పాదరసం. చర్మం రంగు పుట్టకుండా అడ్డుపడే గుణం పాదరస లవణాలకు ఉన్నది కనుక తెలుపు చేసే క్రీములలో కలిపారు. ఈ దేశంలో 1973 నుంచే అటువంటి క్రీములకు చోటులేదు. అయినా పేరూ ఊరూ సరిగాలేని డబ్బీలు సరిహద్దులు దాటి వస్తూనే ఉన్నాయి. కేరళలో కొట్టక్కల్ వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మూత్రంలో ప్రోటీను పోయే ఒక రకం మూత్రపిండ వ్యాధి ఉన్న 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఒక అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు ఒప్పుకున్నారు. కాలిఫోర్నియా, వర్జీనియాలలో 2010లో పరిశీలించిన ఇళ్లలో క్రీము పూసుకున్నవారికే కాక, పూసుకోని కుటుంబసభ్యుల ఒంట్లోనూ పాదరసం దొరికింది. తువాళ్లు, దుప్పట్లు, చేతులు దాన్ని ఇల్లంతా మోశాయి. జపాను తల్లుల కథ ఇక్కడ మళ్లీ జరిగింది.

కడిగిన నీరు ఎటు పోతుంది?

ముఖం కడుక్కోగానే అలంకరణ అంతమైపోదు. ఆ నీరు కాలువలో కలుస్తుంది. జపానులోని మినమాటా ఊళ్లో ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరి వందలమందిని బలిగొన్నది. 1956లో ఆ వ్యాధిని గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచదేశాలు పాదరసంపై ఒప్పందం చేసుకున్నాయి. 2023లో జరిగిన సమావేశంలో, పాదరసం కలిపిన అలంకరణ సామగ్రిని ఎంత తక్కువ మోతాదులోనైనా 2025 తర్వాత తయారు చేయరాదని నిర్ణయించారు.

ముఖం రుద్దుకునే క్రీములలో వేసిన ప్లాస్టిక్ పూసలు ఇక్కడి మహాసరస్సుల్లో తేలాయి. 2015 డిసెంబరులో చేసిన చట్టంతో కడిగివేసే వస్తువుల్లో వాటిని నిషేధించారు. యూరపువారు 2023లో ఇంకా ముందుకు వెళ్లారు. పెదవి రంగు, మేకప్‌లలో ఉండే సూక్ష్మ ప్లాస్టిక్‌కు మాత్రం 2035 వరకు గడువిచ్చారు.

తళుకుకోసం వేసే అభ్రకం మనకు బాగా తెలిసినదే. గూడూరు ప్రాంతం అభ్రకపు గనులకు పేరుపొందింది. అది మంచి ఖనిజం, చర్మానికి సాధారణంగా హాని చేయదు. కాని జార్ఖండ్‌లో చట్టవిరుద్ధమైన గనుల్లో పిల్లలు దాన్ని ఏరుతున్నారనీ, రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు చనిపోయారనీ 2016లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. చర్మానికి మంచిదైనంతమాత్రాన వస్తువు మంచిదైపోదు. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా చూడాలి.

మరి ఏం కొనాలి?

‘నేచురల్’, ‘హెర్బల్’, ‘ఆయుర్వేదిక్’ అనే మాటలు చూసి మోసపోవద్దు. సీసం కూడా ప్రకృతి ఇచ్చినదే. ‘హైపోఅలర్జెనిక్’ అనే మాటకు నిర్వచనం పెట్టబోతే తయారీదారులు కోర్టుకెక్కారు. 1977లో కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. నాటి నుంచి ఆ మాటకు చట్టంలో అర్థం లేదు. చూడవలసింది డబ్బీ వెనుక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టిక. అదీ 1977 నుంచే ఇక్కడ తప్పనిసరి అయింది.

పట్టికే లేని డబ్బీ, తయారీదారు చిరునామా లేని డబ్బీ ఎంత చవకైనా, ఎంత పరిచయస్తులు తెచ్చినా వద్దు. ఐరన్ ఆక్సైడులతో చేసిన కాటుక, బొట్టు రంగులు ఎంచుకోండి. మెర్క్యురీ, కాలొమెల్, లెడ్ అన్న మాటలుంటే చెత్తబుట్టలో వేయకండి, ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. చర్మం సున్నితమైనవారు సువాసన వేసినవి మానడం మేలు. శాకాహారులు కార్మైన్ అనే మాట చూసుకోవాలి. అది పురుగుల నుంచి తీసే ఎరుపు. 2011 నుంచి దాని పేరు పట్టికలో తప్పక వేయాలి. మొక్కల రంగు కావాలనుకునేవారికి మన మన్యంలోనూ పండే జాఫ్రా గింజల ఎరుపు ఉన్నది. పట్టికలో దాన్ని అనాటో అంటారు. కొత్త వస్తువేదైనా ముంజేతి లోపలి వైపు నాలుగైదు రోజులు రాసి చూసి తర్వాతే ముఖానికి వాడండి.

పసిపిల్లలున్న ఇంట్లో సిందూరం, సుర్మా వాడుతుంటే పిల్లల డాక్టరుకు ఆ సంగతి మీరే చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఇక్కడి డాక్టరుకు మన ఆచారం తెలియదు కనుక తనంతట తాను అడగడు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడవలసింది లేదు. ఎవరి కుంకుమనూ ఎవరూ చెరిపెయ్యమనరు.

మన అమ్మమ్మలు దుకాణాన్ని నమ్మి కాటుక పెట్టలేదు. ఆముదం ఏ చేలోదో, పసుపు ఎవరి పెరటిదో వారికి తెలుసు. తెలిసిన వస్తువే ఒంటికి తాకనిచ్చారు. మనం వారినుంచి నేర్చుకోవలసిన ఆచారం ఏదైనా ఉంటే అది ముందుగా ఆ తెలుసుకోవడం. బొట్టు, కాటుక దాని తర్వాతవి.